జిల్లాలవారీ కరోనా లెక్క: వరంగల్ గీత 2021 ఆగస్టులో ఎందుకు మారిపోతోంది?

కాజీపేట_జంక్షన్ (ప్రశ్న)

అందరికీ నమస్తే. 2020 మార్చి నుంచి 2022 మార్చి దాకా కరోనా ఎక్కడ ఎంత వేగంగా పెరిగింది, ఎప్పుడు తగ్గింది అని ఒక షీట్ తయారు చేస్తున్న. రాష్ట్రాల అంకెలు కోవిడ్19ఇండియా (వలంటీర్లు నడిపిన సైటు) పాత ఫైళ్లలోంచి తీసుకున్న. మన దిక్కు జిల్లాలవి (హనుమకొండ, వరంగల్, జనగామ, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్) రాష్ట్ర ఆరోగ్యశాఖ రోజువారీ బులెటిన్లు చూసి టైపు చేసిన.

ఆగిపోయిన కాడ అడుగుతున్న. వరంగల్ రూరల్ గీత 2021 ఆగస్టు తర్వాత ఒక్కసారిగ వేరే తీరుగ కనిపిస్తున్నది. వారంలో ఒకరోజు కేసులు పడిపోయి, మళ్లీ లేస్తున్నయ్. రాష్ట్రాల ఫైల్లో కొన్ని రోజులు కొత్త కేసులు మైనస్‌లో వస్తున్నయ్, మరణాల్లో ఒకచోట పెద్ద గుంజలాగ నిలబడ్డది. ఇవన్నీ సరిజేసినంక "రేటు" అని దేన్ని చూపియ్యాలె? లక్షకు కేసులా, పాజిటివిటీనా (నూరు టెస్టులకు ఎన్ని పాజిటివ్), రెట్టింపు రోజులా (కేసులు రెట్టింపు అయ్యేటందుకు పట్టే రోజులు)?

హసన్‌పర్తి_షీట్లు

తమ్మీ, అంకెలు సరిగ్గనే ఉన్నయ్, జిల్లానే మారింది. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్‌కు హనుమకొండ అని, వరంగల్ రూరల్‌కు వరంగల్ అని పేర్లు పెట్టిండ్రు. ఉత్త పేర్లే అయితే కాలమ్ పేరు మార్చుకుంటే అయిపోయేది. కానీ మండలాలు కూడ అటూఇటూ పోయినయ్. అర్బన్‌లోని వరంగల్, ఖిలా వరంగల్ మండలాలు కొత్త వరంగల్‌లకు పోయినయ్. రూరల్‌లోని పరకాల, నడికూడ, దామెర, ఆత్మకూరు, శాయంపేట హనుమకొండలకు వచ్చినయ్. 11 మండలాల అర్బన్ 14 మండలాల హనుమకొండ అయింది, 16 మండలాల రూరల్ 13 మండలాల వరంగల్ అయింది.

చాలామంది మోసపోయేది జనాభా కాడ. 2011 లెక్కల ప్రకారం అర్బన్ 10,80,858, హనుమకొండ 10,62,247. రూరల్ 7,18,537, కొత్త వరంగల్ 7,37,148. అంకెలు దాదాపు అట్లనే ఉన్నయ్ కాబట్టి లక్షకు ఎంత అని భాగిస్తే తప్పు జరిగినట్టే తెల్వదు. కానీ మనుషులు వేరు. స్టేషన్ దిక్కు, కోట దిక్కు ఉన్న సిటీ జనం పల్లెల జిల్లాల కలిసిండ్రు. సిటీల టెస్టులు ఎక్కువ, కేసులు ఎక్కువ బయటపడతయ్. నీ గీత లేసింది అందుకే.

మండలాల అంకెలు లేకుంట దీన్ని విడదీయలేవు. రెండు జిల్లాలను కలిపి ఒకటే వరుస చేయి. ముందైనా వెనకైనా మొత్తం 17,99,395 మందే, రెండిటి బయటి సరిహద్దు మారలేదు. మ్యాపుల కూడ రెండిటికీ ఒకటే రంగు వేసి కింద ఒక ముక్క రాయి.

ఇంకొకటి చూసుకో. 2011 సెన్సస్ ఫైల్లో "వరంగల్" అని ఉన్నది ఉమ్మడి జిల్లా, 35,12,576 మంది. ఉదాహరణకు వారంలో 448 కేసులు అనుకో. హనుమకొండ జనాభాతో భాగిస్తే లక్షకు 42, ఉమ్మడి జిల్లాతో భాగిస్తే లక్షకు 13. పేరు చూసి లుకప్ పెడితే ఇదే జరుగుతది. జిల్లా పేరు మీద ఎన్నడూ కలపకు, నీదే ఒక కోడు కాలమ్ పెట్టుకో. ములుగుది మరీ చిక్కు: 2019 ఫిబ్రవరిల భూపాలపల్లి నుంచి వేరుపడ్డది కాబట్టి 2011 జనాభాను 2016 కొత్త జిల్లాలకు పంచిన టేబుల్ల కూడ ఆ జిల్లా ఉండదు, మండలాలు కూడి తీసుకోవాలె. 2022 ఫిబ్రవరి 16 నుంచి 19 దాకా మేడారం జాతర ఉండె, ఆ వారం ములుగుల ఉన్న జనానికీ సెన్సస్ జనాభాకూ పొంతనే లేదు. ఆ వారానికి లక్షకు ఎంత అనే లెక్క వెయ్యకు, ఖాళీగ వదులు.

లాగ్‌స్కేలు

వారం ఎగుడుదిగుడు గురించి. ఆదివారం శాంపిళ్లు తక్కువ తీస్తారు, కాబట్టి ఆ తర్వాత వచ్చే ఒకటి రెండు రోజుల లెక్క పడిపోతుంది. దానికి 7 రోజుల సగటు మందు. 5 రోజులదో 10 రోజులదో పెడితే ఆదివారాలు కొన్నింట్లో తక్కువ, కొన్నింట్లో ఎక్కువ పడి కొత్త అలలు పుడతాయి. 7 లేదా 14, అంతే. సగటును ఆ 7 రోజుల్లో చివరి రోజుకు కాక మధ్య రోజుకు రాయండి, లేకపోతే శిఖరం మూడు రోజులు ఆలస్యంగా కనిపిస్తుంది.

తేదీ విషయం కూడా ఉంది. కేంద్రం అంకె ఉదయం 8 గంటల వరకు ఉన్నది, రాష్ట్ర బులెటిన్ ముందురోజు సాయంత్రం వరకు ఉన్నది. రెండూ ఒకే షీట్‌లో పెడితే ఒక రోజు జరుగుతుంది. "బులెటిన్ తేదీ", "ఏ తేదీ లెక్క" అని రెండు కాలమ్‌లు ఉంచండి. దేశంలో రెండో వేవ్ శిఖరాన్ని ఒకరు 2021 మే 6 అని, ఇంకొకరు మే 7 అని రాసేది ఇందుకే (కేసుల అంకె ఒకటే, 4,14,188).

మైనస్‌లు ఎందుకు వస్తాయంటే ఆ ఫైళ్లలో కొన్ని ఆ రోజు దాకా అయిన మొత్తం కూడికలు, ఈరోజులోంచి నిన్నటిది తీసేస్తే కొత్త కేసులు. ఒకే మనిషి రెండుసార్లు నమోదైనా, వేరే రాష్ట్రం వాళ్ల లెక్కలోకి మార్చినా మొత్తం తగ్గుతుంది. మైనస్‌ను సున్నా చేసి ఊరుకోవద్దు, అలా చేస్తే మీ కూడిక అసలు మొత్తం కన్నా ఎక్కువ వస్తుంది. ఎంత తగ్గిందో అంతా ముందు 14 రోజుల మీద, ఏ రోజు ఎన్ని కేసులుంటే ఆ పాళ్లలో, తగ్గించండి.

మీ మరణాల "గుంజ" 2021 జూన్ 10 అయి ఉండాలి. ఆ రోజు దేశం లెక్క 6,148. అందులో 3,951 బీహార్ పాత మరణాలు, ఆడిట్ చేసి ఒక్కసారే కలిపారు. అవి తీసేస్తే 2,197. అలాంటి రోజును సగటులోకి రానిస్తే వారం మొత్తం పాడవుతుంది. తీసేసిన అంకెను వేరే కాలమ్‌లో దాచి పెట్టండి, అవీ మనుషులే.

ఇక రేటు. వేగం కావాలంటే నేను రెట్టింపు రోజులే చూస్తాను. ఈ వారం సగటును పోయిన వారం సగటుతో భాగించండి. 40 నుంచి 64 అయితే నిష్పత్తి 1.6. ఎక్సెల్‌లో ఎల్ఎన్ ఫంక్షన్‌తో: 7 × ఎల్ఎన్(2) ÷ ఎల్ఎన్(1.6) = 10.3 రోజులు. నిష్పత్తి 1 కన్నా తక్కువైతే మైనస్ వస్తుంది, అది సగం కావడానికి పట్టే రోజులు. 1కి దగ్గరగా ఉన్నప్పుడు వందలు, వేలు చూపిస్తుంది. 0.95 నుంచి 1.05 మధ్య ఉంటే "నిలకడ" అని రాసి వదలండి. వారం మొత్తం 20 కేసులు కూడా లేని జిల్లాకు ఈ లెక్కే చేయొద్దు, ఒక్క పెళ్లింటితో నిష్పత్తి రెండింతలు అవుతుంది.

ఆర్ విలువ (ఒక రోగి సగటున ఎంతమందికి అంటిస్తాడు అనేది) కావాలంటే అదే నిష్పత్తిని ఒకరి లక్షణాలకూ వాళ్ల నుంచి అంటినవాళ్ల లక్షణాలకూ మధ్య గడువుతో సవరించాలి. మొదటి వేవ్‌కు ఆ గడువు సుమారు 5 రోజులు: 1.6 ను 5/7 ఘాతానికి హెచ్చిస్తే 1.40. ఒమిక్రాన్‌కు సుమారు 3 రోజులు: 1.22. కేసులు అదే వేగంతో పెరిగినా ఆర్ తగ్గింది చూడండి. రెండేళ్లకూ ఒకే గడువు పెట్టి ఆర్ గీత గీస్తే 2022 జనవరి అబద్ధం చెబుతుంది.

గ్రాఫ్ లాగ్ స్కేలులో (1, 10, 100 అని మెట్టుకు పది రెట్లు) వేయండి, అందులో గీత వాలే వేగం. సున్నాలు లాగ్‌లో పట్టవు కాబట్టి చిన్న జిల్లాలకు వారం మొత్తాలు వాడండి. మ్యాపుకైతే రంగుల మెట్లు అన్ని నెలలకూ ఒకటే ఉండాలి. సాఫ్ట్‌వేర్‌కు వదిలేస్తే ఏ నెలకానెల కొత్తగా పంచుతుంది, 2021 ఫిబ్రవరి కూడా ఎర్రగా మండుతుంది.

కాజీపేట_జంక్షన్

హసన్‌పర్తి అన్నా, రెండు జిల్లాలు కలిపితే విరుపు పోయింది, గీత సాఫీగ వచ్చింది. జూన్ 10 కూడ కరెక్టే.

ఒక డౌటు. పాజిటివిటీ వాడితే టెస్టులు ఎక్కువ తక్కువైన తేడా దానంతట అదే పోతది కదా? 5 శాతం దాటితే ప్రమాదం అని అందరు అంటుండె.

ల్యాబ్_బెంచ్

పోదండీ. ఆ 5 శాతం 2020 మేలో డబ్ల్యూహెచ్ఓ చెప్పింది, తగినంతగా టెస్టులు చేస్తూ కనీసం 14 రోజులు 5 లోపు ఉంటే ఆంక్షలు సడలించుకోవచ్చని. మొదటి సగం అందరూ మర్చిపోయారు.

మన రాష్ట్రంలో అసలు చిక్కు ఆంటిజెన్. 2020 జూన్‌లో ఐసీఎంఆర్ (కేంద్ర వైద్య పరిశోధన మండలి) ర్యాపిడ్ ఆంటిజెన్ కిట్‌కు అనుమతి ఇచ్చినప్పుడు వాళ్ల పరీక్షల్లోనే, వైరస్ ఉన్నవాళ్లలో అది పట్టుకున్నది 50.6 నుంచి 84 శాతం. లేనివాళ్లను లేదని చెప్పడంలో 99.3 నుంచి 100. అంటే పాజిటివ్ వస్తే నమ్మొచ్చు, నెగెటివ్ వస్తే నమ్మలేం. లక్షణాలుండి నెగెటివ్ వచ్చినవాళ్లకు మళ్లీ ఆర్‌టీపీసీఆర్ చేయాలన్న నియమం అందుకే. ఆ మనిషి టెస్టుల లెక్కలో రెండుసార్లు పడతాడు, పాజిటివ్‌లో ఒకసారే.

ఊహించిన అంకెలతో ఒకటి వేసి చూడండి. మొదటి వారం ఆర్‌టీపీసీఆర్ 2,000 చేస్తే 200 పాజిటివ్ (10 శాతం), ఆంటిజెన్ 8,000 చేస్తే 320 (4 శాతం). కలిపి 5.2. రెండో వారం ఆర్‌టీపీసీఆర్ 1,000 చేస్తే 120 (12 శాతం), ఆంటిజెన్ 9,000 చేస్తే 405 (4.5 శాతం). కలిపి 5.25. రెండు టెస్టుల్లోనూ పెరిగింది, కలిపిన అంకె మాత్రం కదల్లేదు. ఏ టెస్టు ఎన్ని అనే విడి లెక్క లేని వారాలకు పాజిటివిటీ గీత గీయకపోవడమే మంచిది. లాగ్‌స్కేలు గారి రెట్టింపు రోజులకూ ఇదే జబ్బు. ఆ వారంలో కొత్త మండలాల్లో ఆంటిజెన్ క్యాంపులు పెడితే కేసులు రెట్టింపు అవుతాయి, వైరస్ కాదు.

రాష్ట్రాల మధ్య పోల్చేటప్పుడు ఇంకా జాగ్రత్త. 2021 జూలైలో కేసులంటే కేరళ పేరే. కానీ అదే జూన్, జూలైల్లో ఐసీఎంఆర్ చేసిన నాలుగో సీరో సర్వేలో (రక్తం తీసి వైరస్ యాంటీబాడీలు ఉన్నాయా అని చూసేది) యాంటీబాడీలు కేరళలో 44.4 శాతం మందిలో ఉంటే మధ్యప్రదేశ్‌లో 79 శాతం. అంటే అప్పటికి అంటుకున్నది కేరళలో తక్కువ, టెస్టుల్లో దొరికింది ఎక్కువ. ఆ విడతకు టీకాల యాంటీబాడీలు కూడా కలిశాయి, కాబట్టి అన్నీ ఇన్ఫెక్షన్లని చదవకండి.

సీరో సర్వేలో మన జనగామ ఉంది (నల్లగొండ, కామారెడ్డితో పాటు). దాన్ని జిల్లా అంకెగా వాడాలని ఆశ పుడుతుంది. వద్దు. మొదటి విడతలో జిల్లాకు 10 చోట్ల 40 మంది చొప్పున 400 మంది. దేశం ఫలితం 0.73 శాతం. 400లో అది ముగ్గురు. ఒకే ఇంట్లో ఇద్దరు దొరికితే జిల్లా లెక్క తారుమారు. దేశం స్థాయిలో మాత్రం బాగా పనికొస్తుంది, మీ గ్రాఫ్ మీద నాలుగు చుక్కలుగా పెట్టండి.

లాగ్‌స్కేలు

క్యాంపుల మాట ఒప్పుకుంటాను. అందుకే కేసుల వేగాన్ని ఒంటరిగా నమ్మను, పక్కన ఐసీయూ పడకల వేగం కూడా గీస్తాను. ఆంటిజెన్ ఎన్ని చేసినా ఆక్సిజన్ అవసరమైనవాళ్లు పెరగరు. రెండూ ఒకే దిక్కు పోతే నిజం, కేసులే పెరిగితే క్యాంపు. మరణాలు కేసుల కన్నా రెండు మూడు వారాలు వెనక వస్తాయి, ఆ మేరకు జరిపి చూడాలి. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో చేరినవాళ్లు ములుగు వాళ్లో మహబూబాబాద్ వాళ్లో కూడా అవుతారు కాబట్టి పడకల లెక్క జిల్లాకు కాదు, ఉమ్మడి వరంగల్‌కు వేయండి.

ఎస్‌టీపీ_బాటిల్

షీట్‌ను 2022 మార్చితో ఆపడం మంచి పని. దాని తర్వాత ఇంట్లో చేసుకున్న కిట్లు ఎవరికీ చెప్పలేదు, లక్షణాలున్నా టెస్టుకు పోయినవాళ్లు తక్కువ. కోవిడ్19ఇండియా కూడా 2021 అక్టోబర్ 31తో ఆపేసింది, కాబట్టి చివరి ఐదు నెలలకు ఫైలు మారుతుంది. అతుకు దగ్గర కనీసం రెండు వారాలు రెండు ఫైళ్లూ పక్కపక్కన పెట్టి తేడా ఎంతో చూడండి.

2022 తర్వాత ఎవరైనా కొనసాగిస్తే మురుగునీరు, ఆస్పత్రుల్లో చేరిన తీవ్ర శ్వాస జబ్బుల శాంపిళ్లు ఈ రెండే దారి. 2020 ఆగస్టులో హైదరాబాద్ పరిశోధన సంస్థలు సీసీఎంబీ, ఐఐసీటీ కలిసి హైదరాబాద్ మురుగు శుద్ధి ప్లాంట్ల నీటిలో వైరస్ కొలిచి, అప్పటి ముందు 35 రోజుల్లో సుమారు 6.6 లక్షల మందికి సోకి ఉండొచ్చని అంచనా వేశారు. ఆ 35 రోజులు ఎందుకంటే మలంలో వైరస్ అన్ని రోజుల దాకా పడొచ్చు. అందుకే మురుగు గీత ఎక్కేటప్పుడు తొందరగా ఎక్కుతుంది, దిగేటప్పుడు నానుస్తుంది. తగ్గుదల వేగాన్ని దాని మీద లెక్కకట్టొద్దు.

మన దిక్కు ఇది చేయాలంటే మొదటి శత్రువు వాన. వాననీరు నాలాల్లో కలిస్తే లీటరుకు వైరస్ కాపీలు పడిపోతాయి, జబ్బు తగ్గిందనుకుంటారు. దానికి మిరప మచ్చతెగులు వైరస్‌ను కూడా అదే బాటిల్‌లో కొలుస్తారు. అది మొక్కల వైరస్, మనిషికి ఏమీ చేయదు, తిన్న మిరప ద్వారా మలంలో సమృద్ధిగా వస్తుంది. కరోనా కాపీలను దానితో భాగిస్తే నీళ్లు ఎంత కలిసినా నిష్పత్తి నిలుస్తుంది. ఎనుమాముల మిర్చి మార్కెట్ ఉన్న ఊళ్లో ఈ కొలత కొరత పడదు లెండి. కాకపోతే మార్కెట్ కడిగిన నీళ్లు వచ్చే నాలాలో శాంపిల్ తీయొద్దు, అక్కడ మిరప వైరస్ మనుషుల నుంచి కాకుండా నేరుగా కాయల నుంచే వచ్చి భాగహారం చెడగొడుతుంది. ఇళ్ల నుంచే వచ్చే పైపు చూసుకుని, పొద్దున జనం స్నానాలకు లేచే వేళ ప్రతి వారం అదే గంటకు తీయాలి. బాటిల్‌ను ఐస్‌లో పెట్టి 4 డిగ్రీల దగ్గర ఉంచి, అదే రోజు ల్యాబ్‌కు చేర్చాలి.