వైఫు, హస్బాండో, ఓషీ: ఈ మాటలన్నీ ఒకటేనా?

మారతహళ్ళి వాసి:
బెంగళూరులోనే ఇంజనీరింగ్ చదువుతున్న మా చెల్లెలు సంచీ నిండా ఒకే అనిమే (జపాన్ యానిమేషన్) పాత్ర బ్యాడ్జీలు తగిలించుకొని, ఆ పాత్ర తన ‘ఓషీ’ అంటోంది. ఆమె స్నేహితురాలు మరో పాత్రను ‘హస్బాండో’ అంటుంది. తేడా ఏమిటని అడిగితే ఇద్దరూ నవ్వి ఊరుకున్నారు. తెలిసినవారు వివరించగలరా?

జయనగర్ పాఠకుడు:
ఒకటి కావండీ. 2002లో ప్రసారమైన అజుమాంగా దాయియో అనే అనిమేలో, ఉపాధ్యాయుడు కిమురా దగ్గర కనిపించిన ఫొటోలోని స్త్రీ ఎవరని విద్యార్థినులు అడిగితే, ఆయన ‘మై వైఫు’ అని జపనీస్ యాసలో ఇంగ్లీషు పలుకుతాడు. ఆ సన్నివేశం విదేశీ అభిమానులకు తెగ నచ్చడంతో, ఇష్టమైన ఆడ పాత్రను వైఫు అనడం ప్రచారంలోకి వచ్చింది, మగ పాత్రలకు హస్బాండో పుట్టింది. హాస్యానికే అయినా ఈ మాటలు పాత్రతో వరస కలుపుతాయి.

ఓషీ దారి వేరు. జపాన్‌లో పాటలు, డాన్సులతో అలరించే ఐడల్ బృందాల అభిమానులు, బృందంలో తాము వెన్నుదన్నుగా నిలిచే సభ్యురాలిని అలా పిలిచేవారు; తర్వాత అది అనిమే పాత్రలకూ పాకింది. ఇక్కడ వరస ప్రధానం కాదు, మోయడం ప్రధానం: వస్తువులు కొనడం, నలుగురికీ చెప్పడం, పాత్ర పుట్టినరోజుకు కేకు కోయడం. మీ చెల్లెలి సంచీని జపాన్‌లో ‘ఇతా బ్యాగ్’ అంటారు. బృందం మొత్తాన్నీ మోసేవారు ‘హకో ఓషీ’.

అడయారు అభిమాని:
ఒక చిన్న సవరణ. వైఫు అన్నంత మాత్రాన జీవితకాలపు అనుబంధం అనుకోనక్కరలేదు. జపాన్‌లో మూడు నెలలకొకసారి కొత్త అనిమేలు మొదలవుతాయి కదా, ఆ లెక్కనే వైఫును మార్చేవారు మా చెన్నై మిత్రబృందంలోనూ ఉన్నారు! ఇక ‘మోఎ’ అనేది పాత్రకు పెట్టే పేరు కాదు, పాత్రను చూసినప్పుడు కలిగే మురిపెం.

మారతహళ్ళి వాసి:
ఇద్దరికీ కృతజ్ఞతలు. లేని మనిషి మీద ఇంత మమకారం ఈ తరానికే వచ్చిందా అని మా అమ్మగారు అడుగుతున్నారు.

జయనగర్ పాఠకుడు:
కాదని చెప్పండి. అషితా నో జో అనే బాక్సింగ్ మాంగా (జపాన్ కామిక్స్)లో రికిఇషి అనే పాత్ర చనిపోతే, 1970 మార్చిలో కవి, నాటక దర్శకుడు తెరయామా షూజీ చొరవతో తోక్యోలో నిజంగానే అంత్యక్రియల సభ జరిపారు. సుమారు 700 మంది హాజరయ్యారు. అప్పటికి వైఫు, ఓషీ అన్న మాటలేవీ ఈ అర్థంలో వాడుకలో లేవు. మీ చెల్లెలి ఓషీ పుట్టినరోజు ఎప్పుడో మాత్రం ముందే కనుక్కోండి, కేకు ఖర్చు మీ మీదే పడవచ్చు.