మిల్టన్ ‘వెయిట్’: ఎదురుచూపా, కొలువా?

ప్రశ్న:
డిగ్రీ పిల్లలకి ఇంగ్లిష్ చెప్తానండీ. పదిహేడో శతాబ్దపు ఇంగ్లిష్ కవి మిల్టన్ రాసిన సానెట్ (పద్నాలుగు పాదాల పద్యం) ‘ఆన్ హిజ్ బ్లైండ్‌నెస్’ చివరి పాదం ‘దే ఆల్సో సర్వ్ హూ ఓన్లీ స్టాండ్ అండ్ వెయిట్’ దగ్గరికి వచ్చేసరికి ప్రతి ఏడాదీ ఇబ్బందే. ‘ఊరికే నిలబడి ఎదురుచూసేవాళ్లూ సేవ చేస్తున్నట్టే’ అని చెప్తే, ‘గ్రూప్స్ నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్నాం, మాదీ సేవేనా సార్’ అని నవ్వుతున్నారు. ఇక్కడ ‘వెయిట్’కి సరైన తెలుగు మాట ఏది?

జవాబు:
పిల్లలు సరైన చోటే పట్టుకున్నారు మాస్టారూ. ఎదురుచూపు అన్నామంటే రావాల్సింది ఏదో ఒకటి ఉండాలి. ఈ పాదంలో అలా రావాల్సింది ఏదీ లేదు. పైరెండు పాదాలతో కలిపి చదవండి. దేవుడిది రాజవైభవం, ఆయన మాట మీద వేలమంది నేలా సముద్రమూ దాటి ఆగకుండా పరుగెడుతుంటారు అని ఉంది. అంటే మనం నిండు దర్బారులో ఉన్నాం. కొందరు ఆజ్ఞ అందుకుని బయల్దేరతారు, కొందరు సింహాసనం ముందే నిలబడి ఉంటారు. ‘స్టాండ్’ ఆ నిలబడటం. బైబిల్లోని లూకా సువార్తలో గబ్రియేలు అనే దేవదూత తాను దేవుని ఎదుట నిలిచేవాడినని చెప్పుకునేదీ ఇదే అర్థంలో. ‘వెయిట్’కి అప్పట్లో పరిచర్య చేయడం అనే అర్థం బాగా వాడుకలో ఉండేది. ఇప్పుడది హోటల్ వెయిటర్ దగ్గర మిగిలింది. ఆయన వెయిట్ చేసేది దేనికోసమని ఎవరూ అడగరు కదా.

మనకి రెండు అర్థాలూ కలిసిన మాట ఉంది: కనిపెట్టుకొని ఉండటం. ‘ఆస్పత్రిలో నాన్నని ఎవరు కనిపెట్టుకుని ఉన్నారు?’ అంటాం. తెలుగు బైబిల్లో 27వ కీర్తన ముగింపు కూడా ‘యెహోవా కొరకు కనిపెట్టుకొని యుండుము’ అనే. దర్బారు వాసన కావాలనుకుంటే ‘కొలువులో నిలిచినవారూ సేవకులే’ అనొచ్చు. నాకైతే మొదటిదే ఇష్టం.

ఇంకో సంగతి. ఆ పద్యానికి ఆ పేరు మిల్టన్ పెట్టలేదు. పద్యం అచ్చయింది 1673లో, ఆయన పోయింది 1674లో. పేరు 1752లో థామస్ న్యూటన్ అనే సంపాదకుడు తగిలించాడు. పేరు చూసి ఇది గుడ్డితనం గురించిన ఏడుపు అనుకుంటాం గానీ, పద్యం నిండా ఉన్నది లెక్కాడొక్కా. వెలుగు ‘ఖర్చయిపోయింది’ అని మొదలవుతుంది. తర్వాత యజమానికి ‘లెక్క’ అప్పజెప్పాలన్న భయం, ఆ తర్వాత కూలీపని. నడుమ ‘టాలెంట్’ అనే మాట ఉంది. అది బైబిల్లో మత్తయి సువార్త 25వ అధ్యాయంలోని తలాంతు. యజమాని దాసులకి డబ్బు అప్పజెప్పి, తర్వాత లెక్క అడిగే కథ అది. అక్కడ డబ్బు లెక్క, ఇక్కడ కవితాశక్తి కూడా. ఈ శ్లేష మనవాళ్లకి విప్పి చెప్పక్కర్లేదు, చర్చిలో ‘ఆ అమ్మాయికి పాడే తలాంతు ఉంది’ అని ఎప్పుడూ వినే మాటే.

ఆ కథలో ఒక్క తలాంతు భూమిలో పాతిపెట్టిన దాసుడికి ఏం శిక్ష పడింది? వెలుపటి చీకటిలోకి తోసేశారు. మిల్టన్ అప్పటికే చీకట్లో ఉన్నాడు. 1652 నాటికి 43 ఏళ్ల వయసులో చూపు పూర్తిగా పోయింది. తప్పు చేయకముందే శిక్ష పడ్డవాడి ప్రశ్న ఇది. క్లాసులో ఇది చెప్పకపోతే చివరి పాదం గోడమీద రాసుకునే సూక్తిలా మిగిలిపోతుంది.

మరొకరు:
బాగుందన్నా, కానీ మిల్టన్ నిలబడి ఊరుకున్న మనిషి కాదుగా? పదివేలకి పైగా పాదాల ‘పారడైజ్ లాస్ట్’ కావ్యం చూపు పోయాకే చెప్పి రాయించాడు, 1667లో అచ్చయింది. మరి ఈ ఓర్పు మాట నమ్మాలా?

జవాబు:
నమ్మక్కర్లేదు తమ్ముడూ. ఆ మాట మిల్టన్ అన్నది కాదు. ఎనిమిదో పాదంలో ‘పేషన్స్’, అంటే ఓర్పు, మనిషిలా వచ్చి, ఆయన గొణుగుడికి అడ్డుపడి మాట్లాడుతుంది. అక్కడి నుంచి చివరిదాకా మాట ఆవిడదే. ఒప్పుకున్నాడో లేదో మిల్టన్ చెప్పలేదు. రాజు మొదటి చార్లెస్‌కి మరణశిక్ష వేసి రాజరికాన్ని తీసేసిన ఇంగ్లండ్ ప్రభుత్వంలో 1649 నుంచి విదేశీ భాషల కార్యదర్శి ఆయన. చూపు పోయాక కూడా లాటిన్ ఉత్తరాలు చెప్పి రాయిస్తూనే ఉన్నాడు. రాజుని చంపడాన్ని సమర్థించినందుకే దేవుడు కళ్లు తీసేశాడని శత్రువులు ఎగతాళి చేస్తే, 1654లో లాటిన్‌లోనే వాళ్లకి గట్టిగా బదులిచ్చాడు. స్నేహితుడు సిరియాక్ స్కినర్‌కి రాసిన సానెట్‌లోనైతే, స్వేచ్ఛ కోసం పనిచేసి పనిచేసి కళ్లు పోగొట్టుకున్నానని గర్వంగానే చెప్పుకుంటాడు. 1660లో రాజరికం తిరిగొచ్చాక దాన్ని అచ్చువేయడం ప్రమాదం. 1673 పుస్తకంలో అది లేదు, 1694లో బయటికొచ్చింది.

రాజు తల తీయడాన్ని సమర్థించిన మనిషి ‘రాజవైభవం’ అన్న మాట దేవుడికి మాత్రమే వాడటం కూడా గమనించు. నాకైతే పద్యం మొత్తంలో అసలు రాజకీయం అక్కడే కనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. ఒక్క చిన్న సందేహం. ‘ఐ ఫాండ్లీ ఆస్క్’ అన్నచోట ‘ప్రేమగా అడిగాను’ అంటే సరిపోతుందా?

జవాబు:
సరిపోదండీ, అర్థం తిరగబడుతుంది. అప్పటి ఇంగ్లిష్‌లో ‘ఫాండ్’ అంటే తెలివితక్కువ. ‘వెలుగు ఇవ్వకుండా పగటిపూట చేసే కూలీ అడుగుతాడా దేవుడు, అని పిచ్చివాడిలా అడిగాను’ అని చెప్పండి. వెంటనే ‘పేషన్స్’ అందుకుంటుంది కాబట్టి అక్కడ కాసేపు ఆగి చదివించండి.