రెండేళ్ల పాపతో సియాటిల్ కొండలెక్కొచ్చా? వైజాగ్ వాళ్లెవరైనా చెప్పండి

సీతమ్మధార నుంచి, వచ్చే నెల రెడ్మండ్‌కి

అందరికీ నమస్కారం. మా ఆయన సియాటిల్ పక్కన రెడ్మండ్ వెళ్లి నాలుగు నెలలైంది. నేనూ పాపా వచ్చే నెల మొదటి వారంలో బయలుదేరుతున్నాం. పాపకి రెండేళ్లు నిండాయి. అది నడవదు, పరిగెడుతుంది. ఆయన అప్పుడే అక్కడ హైకింగ్ బ్యాచ్‌లో పడిపోయారు. నిన్న వీడియో కాల్‌లో ఒక కొండ దారి చూపించారు. మొదట్లోనే బోర్డు, ఎలుగుబంట్లు, కూగర్లు (చిరుతలాంటి పెద్ద పిల్లిజాతి జంతువులు) తిరిగే చోటని. ఆయన నవ్వుతున్నారు, నాకేమో రాత్రి నిద్ర పట్టలేదు. "కంబాలకొండలో చిరుత ఉందని తెలిసీ మనం వెళ్లలేదా" అంటారు. వెళ్లాం నిజమే, అప్పుడు పాప లేదు. పిల్లలతో వెళ్లినవాళ్లు చెప్పండి. ఇక్కడి నుంచి ఏమైనా కొని తెచ్చుకోవాలా?

ద్వారకానగర్, అబ్బాయి డాలస్‌లో

అమ్మా, పాపకి ఐదేళ్లొచ్చేదాకా పార్కులు చాలవా? ఊరికే అడుగుతున్నాను, ఏమీ అనుకోకు.

ఇసాక్వాలో తొమ్మిదేళ్లు, ఇప్పుడు ఎంవీపీ కాలనీ

చెల్లీ, వెళ్లండి. బాబాయ్ గారూ, ఆ ఊళ్లో పార్కుకీ అడవికీ మధ్య గోడ ఉండదండి. సియాటిల్ పక్కన ఇసాక్వాలో మా ఇంటి వెనక చెత్త డబ్బానే ఎలుగు తిరగేసి పోయేది. ఇంట్లో కూర్చున్నా తెలుసుకోక తప్పదు.

ముందు పేర్లు చూసి భయపడకు. మా ఇంటి దగ్గర టైగర్ మౌంటెన్ ఉంది, అందులో పులి లేదు. నార్త్ బెండ్ దగ్గర రాటిల్‌స్నేక్ లెడ్జ్ ఉంది. అక్కడి కాస్కేడ్ కొండలకి పడమటి వైపు రాటిల్‌స్నేకులే (తోక ఆడించి చప్పుడు చేసే విషపాములు) ఉండవు. కూగర్ మౌంటెన్ మాత్రం పేరు నిలబెట్టుకుంటుంది, అప్పుడప్పుడూ కూగర్ కనిపిస్తుంది. అన్నట్టు, ఆ రాటిల్‌స్నేక్ లెడ్జ్‌కి మీ ఆయన తప్పకుండా తీసుకెళ్తానంటారు, మనవాళ్లందరూ మొదట ఎక్కేది అదే. పాపతో కింద చెరువు దగ్గరే ఆగిపోండి. పైన నిలువునా కొండచరియ, కంచె లేదు. అక్కడి నుంచి పడి మనుషులు పోయారు. పరిగెత్తే పిల్లకి ఎలుగు కంటే అంచే ప్రమాదం.

ఎలుగుబంటి అనగానే మనకి ఉద్దానం జీడితోటలు గుర్తొస్తాయి. అది వేరే జాతి. మన ఎలుగు పులులున్న అడవిలో బతకడం నేర్చింది, ఎదురుపడితే మీదికొస్తుంది. అక్కడి నల్ల ఎలుగు మామూలుగా మన అలికిడికే తప్పుకుంటుంది, లేదా చెట్టెక్కుతుంది. అందుకే చప్పుడు చేస్తూ నడవాలి. బూట్లకి కట్టుకునే గంటలు అమ్ముతారు, వాటివల్ల పెద్ద లాభం లేదు, మనిషి గొంతే నయం. మేము మలుపు వచ్చినప్పుడల్లా సింహాచలం గిరి ప్రదక్షిణలో అరిచినట్టు అప్పన్న పేరు అరిచేవాళ్లం. ఎదురొచ్చే తెల్లవాళ్లు చిరునవ్వు నవ్వి దారి ఇచ్చేవారు. ఆగస్టు, సెప్టెంబరుల్లో ఎలుగులు బెర్రీ పొదల్లో మునిగి తింటుంటాయి, మన అడుగుల చప్పుడు వాటికి వినపడదు. అప్పుడు ఇంకా గట్టిగా అరవాలి.

కూగర్ సంగతి వేరు. అది మనల్ని చూస్తుంది, మనకి కనపడదు. 2018లో నార్త్ బెండ్ దగ్గర ఇద్దరు సైకిల్ మీద వెళ్తుంటే కూగర్ దాడి చేసింది. ఒకరిని పట్టుకున్నది కాస్తా, రెండో ఆయన పరుగెత్తేసరికి మొదటాయన్ని వదిలేసి అతని వెంట పడింది. అతను చనిపోయాడు. ఆ వాషింగ్టన్ రాష్ట్రంలో అంతకుముందు కూగర్ మనిషిని చంపింది 1924లో. అంటే ఇది చాలా అరుదు, దాని గురించి రాత్రుళ్లు మేలుకోకు. కానీ పరుగెత్తేదాని వెంట పడటం పిల్లిజాతి గుణం. నీ పాపేమో చిన్నది, పైగా పరిగెడుతుంది. మనకి దూరం పోనక్కర్లేదు, 2023 ఆగస్టులో తిరుమల అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాప గుర్తుందా? చిరుత వచ్చినప్పుడు అమ్మానాన్నల కంటే ముందు నడుస్తోంది. ఆ తర్వాతే పదిహేనేళ్ల లోపు పిల్లల్ని మధ్యాహ్నం రెండు దాటాక నడకదారిలోకి రానివ్వకుండా టీటీడీ ఆపింది.

కాబట్టి నువ్వు కాపలా కాయాల్సింది జంతువుని కాదు, నీకూ పాపకీ మధ్య దూరాన్ని. మేము పెట్టుకున్న లెక్క నాలుగడుగులు. ఒకరు ముందు, ఒకరు వెనక, మధ్యలో పిల్లాడు. మలుపు దగ్గర పెద్దవాళ్లే ముందు తిరగాలి. ఇది నాకు ఎలా తెలిసిందంటే, టైగర్ మౌంటెన్‌లో మా గుంటడు ఒక మలుపు దాటి ముప్పై అడుగులు ముందుకు పోయాడు. "అమ్మా, కుక్క!" అన్నాడు. నేను వెళ్లి చూస్తే ఎలుగు. అప్పుడు నేను చేసిన పని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది, ముందు ఫోన్ తీశాను. మా ఆయన వచ్చి వాణ్ణి ఎత్తుకున్నారు. ఎలుగు మా వైపు ఒకసారి చూసి పొదల్లోకి పోయింది. ఫొటో కూడా సరిగ్గా రాలేదు.

ఎదురుపడితే చేయాల్సింది ఇది. పాపని వెంటనే ఎత్తుకో. ఎత్తుకునేటప్పుడు నడుం వంచకు, వీపు తిప్పకు. గొంతుకూర్చుని, కళ్లు జంతువు మీదే ఉంచి పైకి తియ్యి. వంగిన మనిషి నాలుగు కాళ్ల జంతువులా కనిపిస్తాడట. ఎలుగైతే నెమ్మదిగా మాట్లాడుతూ వెనక్కి నడవండి, అది పోవడానికి దారి వదలండి. కూగరైతే జాకెట్ రెండువైపులా పట్టుకుని పెద్దగా కనిపించండి, అరవండి, రాళ్లు విసరండి. రెండింటికీ పరుగు మాత్రం వద్దు. నల్ల ఎలుగు గానీ కూగర్ గానీ నిజంగా మీద పడితే తిరగబడి కొట్టాలి. మోంటానా రాష్ట్రం వైపు వెళ్తే గ్రిజ్లీ అనే పెద్ద గోధుమరంగు ఎలుగు ఉంటుంది, దాని లెక్క వేరు, అప్పుడు మళ్లీ అడుగు.

చంకనెత్తుకునే అలవాటు మానుకో, ఒక చేయి పోతుంది. వీపుకి తగిలించుకునే ఫ్రేమ్ క్యారియర్ అక్కడ అద్దెకీ దొరుకుతుంది, ఇక్కడి నుంచి మోయకు. ఎలుగు స్ప్రే కూడా అక్కడే కొనండి. చేతి సామానులోనూ పెట్టెలోనూ విమానంలోకి రానివ్వరు. అది దోమల మందులా ఒంటికి రాసుకునేది కాదు, మిరపకాయ ఘాటు. ఎలుగు మీదికొస్తుంటే, ఏడెనిమిది మీటర్ల దూరంలో ఉండగానే మేఘంలా కొట్టాలి. బ్యాగ్ అడుగున ఉంటే లేనట్టే, ఛాతీ పట్టీకో నడుముకో ఉండాలి. వీపు మీద పాప చేతికి మాత్రం అందకూడదు, స్ప్రే డబ్బా క్లిప్ లాగడం పిల్లలకి ఆటే. ఎండలో కారులో వదిలేస్తే డబ్బా పేలొచ్చు.

సమయం గురించి ఒక మాట. మనకి ఏ కాలమైనా కాస్త అటూ ఇటూ ఆరింటికే చీకటి. అక్కడ జూన్‌లో రాత్రి తొమ్మిది దాటాక గానీ సూర్యుడు దిగడు, డిసెంబర్‌లో సాయంత్రం నాలుగుంపావుకే దిగిపోతాడు. మునిమాపు, తెల్లవారుజాము కూగర్ తిరిగే వేళలు. మధ్యాహ్నం భోంచేసి బయలుదేరదామంటే శీతాకాలంలో కుదరదు.

ఇంకొకటి, నవ్వకు. ఎత్తైన కొండల మీద పాపకి పాస్ వస్తే దారి పక్కన కూర్చోబెట్టకండి. కొండమేకలు ఉప్పు కోసం మూత్రం వాసన పట్టి వస్తాయి. 2010లో అదే రాష్ట్రంలోని ఒలింపిక్ నేషనల్ పార్క్‌లో కొండమేక పొడిచి ఒకాయన చనిపోయారు. దారికి దూరంగా తీసుకెళ్లండి, డైపర్ వాడితే మూటగట్టి వెనక్కి తెచ్చుకోండి.

గాజువాక, పదకొండేళ్లుగా శాన్ హోసే

అక్క చెప్పినదానికి ఒక ముక్క కలుపుతాను. కారు. మా కాలిఫోర్నియాలోని యోసెమిటీ నేషనల్ పార్క్‌లో 2001 నుంచి 2007 దాకా ఎలుగులు పగలగొట్టిన కార్ల లెక్క తీస్తే, మిగతా రకాల కంటే మినీవ్యాన్లు ఎక్కువ తేలాయి. పిల్లల సీట్ల కింద రాలిన తిండి ఒక కారణం అయ్యుంటుందని పరిశోధకులు రాశారు. మనవాళ్లకి పిల్ల పుట్టగానే మినీవ్యానే కదా! పులిహోర డబ్బా, బేబీ వైప్స్, పాల సీసా, వాసనున్నది ఏదీ రాత్రి కారులో వదలకండి. క్యాంపుల దగ్గర ఇనప పెట్టెలు ఉంటాయి, వాటిలో పెట్టాలి. ఇంకో సంగతి, యోసెమిటీలోకి ఎలుగు స్ప్రే తేనివ్వరు. ఒక్కో పార్కుకి ఒక్కో రూలు, ముందు చూసుకోండి.

సింహాచలంలో కోతికి అరటిపండు పెట్టే అలవాటు పాపకి ఉంటే ఇప్పుడే మాన్పించండి. అక్కడ ఉడత కూడా చేతి దాకా వస్తుంది, పెట్టకూడదు.

పిల్లల డాక్టర్, ఒహాయో (మాది మధురవాడ)

దోమల మందు: డీట్ అనే రసాయనం ఉన్నది రెండు నెలలు దాటిన పిల్లలకి వాడొచ్చు, 30 శాతం మించకుండా. చేతులకి రాయకండి, నోట్లో పెట్టుకుంటారు. లెమన్ యూకలిప్టస్ నూనె సహజమని రాసి ఉంటుంది కానీ మూడేళ్ల లోపు వద్దు. ఇంటికొచ్చాక చెవుల వెనక, జుట్టులో, చంకల్లో పిడుదులు వెతకండి. ముఖ్యంగా చలి: మోసేవాళ్లకి చెమట పడుతుంటే క్యారియర్‌లో కదలకుండా కూర్చున్న పాప చల్లబడిపోతుంది. మీ ఒంటిని బట్టి కాదు, పాప మెడ వెనక ముట్టుకుని చూడండి.

సీతమ్మధార నుంచి

అక్కా, అన్నయ్యలూ, చాలా థ్యాంక్స్. నిన్న ఆదివారం మా తమ్ముణ్ణి తోడు తీసుకుని కంబాలకొండ వెళ్లాం, నాలుగడుగుల లెక్క ప్రాక్టీస్ చేయడానికి. పది నిమిషాల్లో నాకు నీరసం వచ్చింది. "ఆగు" అంటే పాప ఇంకా గట్టిగా పరిగెడుతోంది. అక్కా, మీ అబ్బాయికి ఎలా నేర్పారు?

ఎంవీపీ కాలనీ

"ఆగు" అంటే ఎవరాగుతారు! మేము స్టాచ్యూ ఆట ఆడేవాళ్లం, చిన్నప్పుడు మనం ఆడిందే. "స్టాచ్యూ" అనగానే బొమ్మలా నిలబడాలి, నేను వచ్చి ఎత్తుకుంటే గెలిచినట్టు. ఇంట్లో, మేడ మీద, ఆర్కే బీచ్‌లో, రోజుకి ఇరవైసార్లు. మీకింకా మూడు వారాలుంది. నువ్వు కూడా గొంతుకూర్చుని లేవడం ప్రాక్టీస్ చెయ్యి, పాప పన్నెండు కిలోలైనా ఉంటుంది కదా.

సీతమ్మధార నుంచి

పదమూడున్నర.