అప్‌డేట్: కర్బనం పెరిగింది నేలలో కాదు, షీట్‌లో

చిత్తూరు వేరుశనగ చేల పాత, కొత్త మట్టి పరీక్షల ఫైళ్లు కలిపితే సేంద్రియ కర్బనం ఒక్కసారిగా ఎందుకు ఎగబాకిందని అడిగాను కదా. ఒకే గుణకం రెండుసార్లు పడిందేమోనని మీరు అనుమానించిందే నిజం. వాక్లీ-బ్లాక్ అనే రసాయన పరీక్ష మట్టిలోని కర్బనం మొత్తాన్ని పట్టుకోదు కాబట్టి సవరణగా ఆ అంకెలను ల్యాబ్ 1.32తో గుణించే ఇచ్చింది, షీట్‌లోని ఫార్ములా మళ్లీ గుణించింది. ఇప్పుడు ల్యాబ్ అంకెను ముట్టుకోకుండా ఒక కాలమ్‌లో ఉంచి, పద్ధతి, గుణకం, లోతు, తేదీ విడివిడిగా పెట్టాను.

రెండో తిరకాసు గులకరాళ్లు. హెక్టారుకు ఎన్ని టన్నుల కర్బనం ఉందో లెక్కించేటప్పుడు మన ఎర్రనేలల్లో వీటిని వదిలేస్తే లెక్క మొత్తం తప్పుతుంది. ఉదాహరణకు కర్బనం 0.45 శాతం, రాళ్లు మినహాయించిన మట్టి సాంద్రత ఘన సెం.మీ.కు 1.5 గ్రాములు, లోతు 15 సెం.మీ. మూడూ గుణిస్తే హెక్టారుకు 10.1 టన్నులు. 2 మి.మీ. జల్లెడపై మిగిలిన రాళ్లు ఘనపరిమాణంలో 20 శాతమైతే 8.1 టన్నులే!

సాంద్రత కొలవని పాత నమూనాలను శాతంగానే ఉంచేశాను.