ఇంగ్లీషు రిపోర్టులో ‘ఆల్మోస్ట్’, ‘ఓన్లీ’ ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న

నేను మెషీన్ల మెయింటెనెన్స్‌లో పనిచేస్తాను. వారానికోసారి ఇంగ్లీషులో రిపోర్టు రాయాలి. పోయిన వారం ‘వి ఆల్మోస్ట్ టెస్టెడ్ ఆల్ ద పంప్స్’ అని రాశాను. 20 పంపుల్లో 18 పరీక్షించామని చెప్పాలనుకున్నాను. పైఅధికారి ఫోన్ చేసి, "పరీక్షించబోయి ఎందుకు ఆపేశారు?" అని అడిగారు. రెండు రోజులు కష్టపడి చేసిన పని చేయనట్టే అయిందని చాలా బాధేసింది. అదే రిపోర్టులో ‘ఆఫ్టర్ చెకింగ్ ద వైరింగ్, ద మోటార్ స్టార్టెడ్’ కింద ఎర్రగీత గీశారు. ‘ఓన్లీ’తోనూ ఇదే ఇబ్బంది. గ్రామర్ పుస్తకంలో మాడిఫయర్ (ఇంకో మాట అర్థాన్ని వివరించే లేదా పరిమితం చేసే మాట) నిర్వచనం చదివాను, అర్థమైంది. రాయడానికి కూర్చుంటే మాత్రం టెన్షన్. మీరెలా సరిచూసుకుంటారు?

జవాబు 1

‘ఆల్మోస్ట్’ చేసే పనికి తెలుగులో రెండు పద్ధతులున్నాయండి. లెక్కకైతే ‘దాదాపు’ అంటాం: దాదాపు అన్ని పంపులూ పరీక్షించాం. జరగబోయి తప్పిపోయిన దానికి ‘పడినంత పనైంది’ అంటాం. ఇంగ్లీషులో రెంటికీ ఒకటే మాట. అందుకే అది ఎక్కడ కూర్చుందన్నదే అర్థాన్ని తేలుస్తుంది. ‘టెస్టెడ్’ ముందు ఉంటే పరీక్షే జరగలేదనిపిస్తుంది. ‘ఆల్’ ముందు ఉంటే కొన్ని పంపులు మిగిలాయని. నేనైతే ‘వి టెస్టెడ్ ఎయిటీన్ ఆఫ్ ద ట్వెంటీ పంప్స్’ అనే రాస్తాను. అంకె చేతిలో ఉండగా ‘దాదాపు’ ఎందుకు?

రెండో వాక్యం ఇంకా ముఖ్యం. తెలుగులో ‘వైరింగ్ చూసి మోటారు స్టార్టయింది’ అంటే వెంటనే చెవికి తగులుతుంది, మోటారే వైరింగ్ చూసినట్టు. ‘చూశాక స్టార్టయింది’ అంటే తగలదు, ఎందుకంటే ‘చూశాక’ కర్త వేరే అయినా ఒప్పుకుంటుంది. మీ మనసులో ఉన్నది ‘చూశాక’. కాగితం మీద పడ్డ ‘ఆఫ్టర్ చెకింగ్’ మాత్రం ‘చూసి’ లాంటిది, కామా తర్వాతి కర్తనే పట్టుకుంటుంది. ‘ఆఫ్టర్ వి చెక్డ్ ద వైరింగ్’ అని కర్తను లోపల పెట్టేయండి. వాక్యం ఇలా మొదలైనప్పుడల్లా నేను దాన్ని తెలుగులో ‘చూసి’, ‘చేస్తూ’ అని చదువుకుంటాను. కర్త కలవకపోతే అక్కడే దొరికిపోతుంది.

జవాబు 2

‘ఓన్లీ’ గురించి. మన ‘మాత్రమే’ తనకు సంబంధించిన మాట వెనకే వస్తుంది. ఆ మాట ఏదో తెలుగులో తేల్చుకుని, ఇంగ్లీషులో దాని ముందు ‘ఓన్లీ’ పెట్టండి. ‘ఓన్లీ ద ఆపరేటర్ ఓపెన్స్ దిస్ వాల్వ్’ అంటే ఇంకెవరూ దాన్ని తెరవరు. ‘ద ఆపరేటర్ ఓపెన్స్ ఓన్లీ దిస్ వాల్వ్’ అంటే ఆపరేటరు ఇంకే వాల్వూ తెరవడు. భద్రతా సూచనల్లో ఈ తేడా చిన్నది కాదు.

అలాగని ప్రతిచోటా భయపడక్కర్లేదు. అర్థం తారుమారు కానప్పుడు ‘ఓన్లీ’ని సహజంగా పడే చోట ఉంచినవాళ్లను తప్పుపట్టొద్దని ఇంగ్లీషు వాడుకపై ప్రసిద్ధ నిఘంటువు రాసిన హెన్రీ ఫౌలర్ 1926లోనే వాదించాడు. మాట్లాడేటప్పుడు ఆ మాటను ఒత్తి పలికితే తెలిసిపోతుంది. రాతలో ఆ వీలు లేదు.

జవాబు 3

రెండువైపులా చూసే మాటలతో కూడా జాగ్రత్త. ‘ఆపరేటర్స్ హూ చెక్ ద గేజ్ ఆఫెన్ ఫైండ్ లీక్స్’. తరచుగా గేజ్ చూసేవాళ్లా, తరచుగా లీకులు కనిపెట్టేవాళ్లా? ‘హూ ఆఫెన్ చెక్’ అని ముందుకు జరిపితే ఒకే అర్థం మిగులుతుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ‘చూసి, చూశాక’ తేడా ఇంత స్పష్టంగా నాకెవరూ చెప్పలేదు. ఈ వారం రిపోర్టు తీసి తెలుగులో చదివాను. ‘వి గేవ్ ద పంప్ టు ద సూపర్‌వైజర్ విత్ ద బ్రోకెన్ సీల్’ అని ఉంది. సీలు విరిగింది పంపుకు, నేను దాన్ని సూపర్‌వైజర్ పక్కన పెట్టాను. ‘వి గేవ్ ద పంప్ విత్ ద బ్రోకెన్ సీల్ టు ద సూపర్‌వైజర్’ అని మార్చాను. సరేనా?

జవాబు 1

సరిగ్గా ఉంది. పంపేయండి.