గేర్ కేబుల్ మోటార్ దగ్గరే ఆగిపోతోంది, మోటార్ దించక తప్పదా?

పెడల్స్ దగ్గర మోటార్ ఉండే ఎలక్ట్రిక్ మౌంటెన్ బైక్ నాది, అల్యూమినియం ఫ్రేమ్. వెనక 10 గేర్ల నుంచి 12కి మారుస్తున్నాను. క్యాసెట్, డిరైలర్, షిఫ్టర్ బిగించేశాను. గేర్ కేబుల్ ఒక్కటే మిగిలింది, రెండు ఆదివారాలుగా అక్కడే ఉన్నాను.

తప్పు నాదే. పాత ఔటర్ (కేబుల్ పైన ఉండే తొడుగు) లాగేసేటప్పుడు దాని చివర దారమైనా కట్టలేదు. ఇప్పుడు ఫ్రేమ్ లోపల దారి చూపేది ఏదీ లేదు. 4 మిల్లీమీటర్ల కొత్త ఔటర్ హ్యాండిల్ కింద హెడ్ ట్యూబ్ పక్క రంధ్రంలోంచి డౌన్ ట్యూబ్‌లోకి (అక్కణ్ణుంచి మోటార్ దాకా వచ్చే గొట్టం) హాయిగా దిగుతుంది, మోటార్ పైకి రాగానే టక్కున ఆగుతుంది. బ్యాటరీ తీసి టార్చ్ వేసి చూశాను. వైర్ల కట్టకీ బ్రేక్ హోస్‌కీ మధ్య వేలు కూడా దూరదు.

స్టీలు ఇన్నర్ కేబుల్ పంపి బయటనుంచి అయస్కాంతంతో లాగితే చైన్‌స్టే (మోటార్ నుంచి వెనక చక్రానికి వెళ్ళే గొట్టం) మొదట్లో పట్టు జారుతోంది. వెనక రంధ్రంలోంచి తోస్తే జానెడు వెళ్ళి ఆగింది. దారం వేసి వాక్యూమ్ క్లీనర్‌తో పీల్చాను, అదీ రాలేదు. ఇంకా గట్టిగా తోస్తే మోటార్ వైర్లు గీసుకుపోతాయని టెన్షన్. ఇక్కడ విజయవాడలో, గవర్నరుపేట షాపులో అడిగితే మోటార్ ఉన్న సైకిల్ మేం ముట్టుకోం అన్నారు. వాళ్ల భయం వాళ్లది.

మోటార్ బోల్టులు విప్పి కిందికి దించకుండా, బ్యాటరీ ఉండే ఖాళీలోంచే ఈ ఔటర్‌ను చైన్‌స్టేలోకి దాటించిన వాళ్లు ఉంటే, ఎలా చేశారో చెప్తారా?