పట్టుకున్న ఓడనే యుద్ధనౌకగా మార్చి వాడారా?

కోరంగి కుర్రాడు:
1914 సెప్టెంబర్ 22న మద్రాసు మీద గుండ్లు కురిపించిన జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ గురించి చదువుతుంటే ఒక సంగతి కొత్తగా తెలిసింది. ఆగస్టులోనే అది రియాజాన్ అనే రష్యన్ ప్యాసింజర్ ఓడను పట్టుకుంటే, జర్మన్లు దాన్ని ముంచకుండా ఫిరంగులు బిగించి శత్రువుల ఓడల వేటకి పంపారట. మామూలు ఓడకి ఫిరంగులు పెడితే సరిపోతుందా? చట్టం ఒప్పుకునేదా?

లంగరు:
ఒప్పుకునేది. 1907 హేగ్ ఒప్పందం ప్రకారం నేవీ అధికారి కమాండర్‌గా ఉండి, సిబ్బంది సైనిక క్రమశిక్షణలో ఉంటే చాలు. నడిసముద్రంలో మార్చొచ్చా అన్నది మాత్రం తేల్చకుండా వదిలేశారు. రియాజాన్‌కి ఆ పేచీ రాలేదు. చైనాలో జర్మన్ల చేతిలో ఉన్న చింగ్‌తావ్ రేవుకి తెచ్చి, అక్కడ పాతబడిపోయిన కార్మోరాన్ అనే నౌక ఫిరంగులు ఊడదీసి దీనికి బిగించి, పేరు కూడా అదే పెట్టేశారు. ఇంతా చేస్తే నెలల తరబడి పసిఫిక్‌లో తిరిగి ఒక్క ఓడనీ పట్టలేదు! బొగ్గు అడుగంటితే డిసెంబర్‌లో అమెరికా చేతిలో ఉన్న గ్వామ్ దీవికి చేరింది, అమెరికా వాళ్లు సరిపడా బొగ్గు ఇవ్వలేదు, రెండేళ్లకు పైగా అక్కడే ఇరుక్కుపోయింది. 1917 ఏప్రిల్ 7న, అమెరికా యుద్ధంలోకి దిగిందని తెలియగానే జర్మన్లే పేల్చి ముంచేశారు.

భీమిలి గాలి:
అసలు టెన్షన్ అంతా బొగ్గుదే. అందుకే నాకు సీఆడ్లర్ తెలివైన పని అనిపిస్తుంది. అది అమెరికా జెండాతో పత్తి తీసుకెళ్తూ 1915లో జర్మన్ సబ్‌మెరీన్‌కి చిక్కిన మూడు కొయ్యల తెరచాప ఓడ. గాలితో నడుస్తుంది కాబట్టి బొగ్గు కోసం ఏ రేవుకీ పోనక్కర్లేదు. లోపల అవసరానికి డీజిల్ ఇంజన్ పెట్టి, రెండు ఫిరంగులు దాచి, డెక్ నిండా కలప పేర్చి నార్వే ఓడ వేషం వేశారు.

కోరంగి కుర్రాడు:
బ్రిటిష్ వాళ్లు ఆపి చూడలేదా?

భీమిలి గాలి:
ఆపారు, 1916 క్రిస్మస్ రోజునే. నార్వే భాష వచ్చినవాళ్లని ఏరి తెచ్చుకున్నారు, దొంగ కాగితాలు చూపించారు, వదిలేశారు. తర్వాత పదిహేను ఓడల దాకా పట్టుకుంటే ఎదుటివైపు చనిపోయింది ఒకే ఒక్కడు, అదీ గుండు తగిలి స్టీమ్ పైపు పగలడం వల్ల.

లంగరు:
చివరికి 1917 ఆగస్టులో మోపీలియా దీవి దగ్గర పగడపు దిబ్బకెక్కి విరిగింది కదా. పెద్ద అల వచ్చి కొట్టిందని కెప్టెన్ లుక్నర్ అన్నాడు. బందీలుగా ఉన్న అమెరికన్లేమో, అందరూ ఒడ్డున పిక్నిక్‌లో ఉండగా ఓడ కొట్టుకుపోయిందన్నారు. నేనైతే బందీల మాటే నమ్ముతాను, లుక్నర్‌కి కోతలు కాస్త ఎక్కువే.